పండగ పేజీలో అమ్మ

"ఈ బొమ్మలో అమ్మ ఏం చేస్తోంది?"

పుస్తకాన్ని పిల్లల వైపు తిప్పి పట్టుకుని అడిగాను. 2023 జనవరి, సంక్రాంతికి నాలుగు రోజుల ముందు. హైదరాబాద్‌లో మా వీధి వెనక ఉన్న బస్తీలో అంగన్‌వాడీ సెంటర్. ఒకటే గది. ఒక మూల బియ్యం బస్తా, గుడ్ల అట్టలు, బరువు చూసే మిషను. ఇంకో మూల చాప మీద పదహారుమంది పిల్లలు. మూడేళ్ళవాళ్ళు, నాలుగేళ్ళవాళ్ళు, అక్కల వెంట వచ్చి కూచున్న చంటివాళ్ళు ఇద్దరు.

బొమ్మలో ఇంటి ముందు పెద్ద ముగ్గు. పట్టుచీర కట్టుకుని, తలనిండా పూలు పెట్టుకున్న అమ్మ వంగి ముగ్గు వేస్తోంది. నాన్న అరుగు మీద కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటున్నాడు. అన్న గాలిపటం ఎగరేస్తున్నాడు. చెల్లి గొబ్బెమ్మల మీద పూరేకులు చల్లుతోంది. దూరంగా హరిదాసు వస్తున్నాడు.

"ముగ్గేస్తుంది!" అన్నారు పిల్లలందరూ ఒక్క గొంతుతో. ముందు వరసలో కూచున్న ఒక పిల్ల మాత్రం తల అడ్డంగా ఊపింది. రెండు పిలకలు, వాటికి రెండు రంగుల రిబ్బన్లు. మూడున్నరేళ్ళుంటాయేమో.

"మా అమ్మ ముగ్గు ఊడుస్తది" అంది.

నేను నవ్వాను. "ఛ, పండగపూట ముగ్గు ఊడవకూడదమ్మా. ముగ్గు వేస్తారు. చూడు, అమ్మ ఎంత చక్కగా వేస్తోందో! ఏదీ, నువ్వూ అను" అన్నాను. ఆ పిల్ల అనలేదు. ఒకసారి బొమ్మ వైపు, ఒకసారి నా వైపు చూసి తల దించుకుంది. నేను పేజీ తిప్పేశాను.

పేజీ తిప్పడం ఎంత తేలిక!

ముప్ఫై ఏళ్ళు డిగ్రీ కాలేజీలో ఆడపిల్లలకి తెలుగు సాహిత్యం చెప్పినదాన్ని. విమల 'వంటిల్లు' కవిత చెబుతూ ఎన్నిసార్లు నా గొంతు పూడుకుపోయిందో లెక్కలేదు. 1993లో వచ్చిన 'నీలిమేఘాలు', గోగు శ్యామల తెచ్చిన 'నల్లపొద్దు' పక్కపక్కన పెట్టి, ఇంటిపని గురించి స్త్రీలందరూ ఒకేలా మాట్లాడరని, ఎవరి వంటిల్లు, ఎవరి చేయి, ఎవరి కులం అని అడుగుతూ చదవాలని ఎమ్మే పిల్లలకు సెమినార్లు పెట్టించినదాన్ని. అంత చదువూ ఒక మూడున్నరేళ్ళ పిల్ల చెప్పిన నాలుగు మాటల ముందు పనికి రాకుండా పోయింది. పైగా పోయిందన్న సంగతి నాకు తెలియను కూడా లేదు.

తెలియజెప్పింది టీచరమ్మ. మూడు వారాల తర్వాత.

అంతకుముందు, నేను అక్కడికెందుకు వెళ్తున్నానో చెప్పాలి. రిటైరయ్యాక ఏదో ఒకటి చెయ్యాలన్న ఆరాటంలో ఆ టీచరమ్మని కలిశాను. వారానికి రెండురోజులు, పిల్లలు అన్నానికి కూచునే ముందు ముప్పావు గంట బొమ్మల పుస్తకాలు చదివి వినిపిస్తానన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "మంచిదే మేడమ్. కానీ మధ్యల బంద్ పెట్టొద్దు. పిల్లలు ఎదురుచూస్తరు" అంది. అంతే ఇంటర్వ్యూ. పిల్లలకి నేను 'బొమ్మల అమ్మమ్మ'నయ్యాను.

సంక్రాంతి పుస్తకాన్ని నిజానికి మొదట కొన్నది డల్లాస్‌లో ఉన్న మనవరాలి కోసం. రెండు కాపీలు కొని ఒకటి అక్కడికి పంపాను, ఒకటి ఇక్కడ చదివాను. ఆ పిల్లకి ముగ్గు తెలియదు, గొబ్బెమ్మ తెలియదు. అక్కడ ఆ పుస్తకం చేయగలిగిన పని వేరు. ఇక్కడి పిల్లలకి పండగ తెలుసు. వాళ్ళకి తెలిసిన పండగ ఆ పుస్తకంలో లేదు. ఒకే పుస్తకం ఇద్దరు పిల్లల చేతిలో ఒకే పుస్తకం కాదన్న సంగతి నాకు తట్టలేదు.

రుడీన్ సిమ్స్ బిషప్ అనే ఆఫ్రికన్ అమెరికన్ పండితురాలు 1990లో ఒక మాట అన్నారు: పిల్లల పుస్తకాలు అద్దాలు కావాలి, కిటికీలు కావాలి, తోసుకుని అవతలికి వెళ్ళగలిగే తలుపులూ కావాలి. తమ ముఖం ఏ పుస్తకంలోనూ కనబడని పిల్లలు, లేదా కనబడినా వంకరగా కనబడిన పిల్లలు, లోకంలో తమ విలువ ఎంతో ఆ పుస్తకాల నుంచే నేర్చుకుంటారని ఆమె ఆవేదన. పాఠంగా చదివినప్పుడు ఎంత బాగుందో అనుకున్నాను. అద్దంలో ముఖం చూసుకోబోయిన పిల్లని "అలా కాదు, ఇలా" అని దిద్దిన చేయి నాదే అవుతుందనుకోలేదు.

* * *

మూడేళ్ళు, నాలుగేళ్ళ పిల్లలకి చదువంటే ఏమిటి? 'అ ఆ ఇ ఈ' దిద్దించడమేనని మనలో చాలామందికి గట్టి నమ్మకం. పలక మీద అదే అక్షరాన్ని ఇరవైసార్లు దిద్ది వేళ్ళు నొప్పెట్టిన జ్ఞాపకం మనందరికీ ఉంది. చిన్నపిల్లల చదువు గురించి జీవితమంతా పనిచేసిన న్యూజిలాండ్ పరిశోధకురాలు మేరీ క్లే 1960లలోనే చూపించిందేమిటంటే, చదవడం అక్షరాలతో మొదలవదు, అంతకు చాలా ముందే మొదలవుతుంది. పుస్తకాన్ని తలకిందులు కాకుండా పట్టుకోవడం, ముందు ఏదో వెనక ఏదో తెలియడం, ఎడమనుంచి కుడికి వేలు జరపడం, కథని చెబుతున్నది ఆ నల్లటి గీతలేనని గ్రహించడం... ఇవన్నీ చదువే. చదవడం రాని పిల్ల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, బొమ్మలు చూస్తూ, పెద్దవాళ్ళ గొంతు అనుకరిస్తూ కథ చెబుతుంటే మనం ముద్దుగా నవ్వుకుంటాం. నవ్వుకోవలసిన పని లేదు. ఆ పిల్ల చదువుతోంది.

పండగ పుస్తకాలు అందుకే ఆ వయసుకి బాగా పనికొస్తాయి. పండగ ఏటా తిరిగొస్తుంది, దాన్నిబట్టి తరవాత ఏం జరుగుతుందో పిల్లలు ముందే చెప్పగలరు. పండగకి వాసన ఉంది, రుచి ఉంది, చప్పుడు ఉంది. 'సకినాలు' అనే మాట వినగానే మా పిల్లలు నువ్వుల వాసన, వాము వాసన చెబుతారు. వేలితో గాలిలో చుట్లు చుట్టి చూపిస్తారు. పుస్తకంలో అరిసెలున్నా వాళ్ళు సకినాలే చూశారు. పుస్తకంలో 'గాలిపటం' అని ఉంటే 'పతంగి' అని చదివారు. నేను గుంటూరు వైపు నుంచి వచ్చినదాన్ని. మొదట్లో దిద్దేదాన్ని. తర్వాత మానేశాను. పిల్ల నోట్లో ఉన్న మాటా కాగితం మీదున్న మాటా ఒకటేనని ఆ పిల్లకి తట్టే క్షణమే చదువుకి గుమ్మం. ఆ గుమ్మం దగ్గర నిలబడి "నీ మాట కాదు, నా మాట" అంటే పిల్ల వెనక్కి తిరిగిపోదూ?

మరి అక్షరాల వరస సంగతేమిటని అడిగే తల్లులుంటారు. వాళ్ళకి నేనొకటే చెబుతాను. మన వాచకంలో మొదటి మాట ఏమిటి? 'అ' అంటే 'అమ్మ'. అందులో 'మ'కి 'మ' ఒత్తు ఉంది. వరస ప్రకారం అయితే అచ్చులు, హల్లులు, గుణింతాలు అన్నీ అయ్యాక గానీ ఒత్తులు రావు. మరి మొదటి రోజే పిల్ల 'అమ్మ'ని ఎలా గుర్తుపడుతోంది? ముక్కలు కూడబలుక్కుని కాదు, మాట మొత్తాన్ని ఒక ముఖంలా గుర్తుపడుతోంది. తనకి కావలసిన ముఖం కాబట్టి. గుణింతాలూ ఒత్తులూ వద్దని కాదు. వాటికి టైముంది. అవసరమైన మాట ముందు రావాలి.

కానీ ఆ 'అమ్మ' పక్కన ఉన్న బొమ్మ ఎవరిది? అదే కదా అసలు ప్రశ్న.

మా ఇంట్లో నేను చదువుకున్న పెద్దబాలశిక్ష పక్కన మా అమ్మని ఎప్పుడూ నిలబెట్టి చూడలేదు. మా అమ్మ ఐదో తరగతి దాకా చదువుకుంది. వారపత్రికలో సీరియల్ వచ్చే రోజు మధ్యాహ్నం వంటగది గడప మీద కూచుని చదువుకునేది. సంక్రాంతి నెలలో మాత్రం ఆ పత్రికలు మడత విప్పకుండా అటక మీదికి వెళ్ళిపోయేవి. బియ్యం నానబెట్టడం, పిండి దంచడం, పాకం, నూనె పొయ్యి, మూడు రోజులకి మూడు రకాల వంటలు, వచ్చే పోయే చుట్టాలు. మగవాళ్ళ పంక్తి, పిల్లల పంక్తి అయ్యాక ఆడవాళ్ళు కూచునేసరికి మూడయ్యేది. నా చిన్ననాటి పండగ జ్ఞాపకాల్లో నాన్న ముఖం, తాతయ్య ముఖం, పిన్నుల పట్టుచీరలు అన్నీ స్పష్టంగా ఉన్నాయి. మా అమ్మది మాత్రం వీపు. పొయ్యి వైపు తిరిగిన వీపు. పండగ పుస్తకాల్లో అమ్మ ఎప్పుడూ నవ్వుతూ మనవైపు తిరిగి ఉంటుంది. ఆ నవ్వు నేను చూసినది కాదు.

మా నాయనమ్మైతే ఆ పుస్తకాల్లో అసలు కనబడదు. ఆమెకి బొట్టు లేదు. ఏ పండగ బొమ్మలోనైనా బొట్టులేని హిందూ స్త్రీని చూశారా మీరు? పేరంటానికి పిలవని ఆడవాళ్ళని పుస్తకాలూ పిలవవు.

* * *

రెండు పిలకల పిల్ల ఆ రోజు తర్వాత నా దగ్గర మాట్లాడటం మానేసింది. వచ్చేది, కూచునేది, వినేది. ప్రశ్న అడిగితే పక్కపిల్ల వైపు చూసేది. కొందరు పిల్లలింతే, సిగ్గు అనుకున్నాను.

ఫిబ్రవరిలో ఒకరోజు గుడ్లు ఒలుస్తూ టీచరమ్మ అంది. "మేడమ్, ఒకమాట చెప్త, ఏమనుకోకున్రి. ఆ పిల్లను మీరు గట్టిగ ఏమనలే. కానీ వాళ్ళమ్మ పనిని తప్పన్నరు."

నాకు అర్థం కాలేదు. ఆమె విడమర్చి చెప్పింది. వాళ్ళమ్మ మున్సిపాలిటీలో కాంట్రాక్టు మీద రోడ్లు ఊడుస్తుంది. పొద్దున నాలుగున్నరకి వెళ్తుంది. మా కాలనీ ఆమె బీటులోదే. భోగినాడు మంటల బూడిద, సంక్రాంతినాడు ముగ్గుల రంగులు, చెరుకు పిప్పి, కనుమనాడు ఎంగిలి విస్తళ్ళు ఎత్తిపోసేది ఆమే. పండగంటే ఆమెకి సెలవు కాదు, రెట్టింపు చెత్త. చూసుకునేవాళ్ళు లేనప్పుడు పిల్లని వెంట తీసుకెళ్ళి చెత్తబండి పక్కన కూచోబెడుతుంది. ఆ పిల్ల చూసినదే చెప్పింది.

ఆ ముగ్గుల్లో ఒకటి నాది. మా గేటు ముందు వేసి, మర్నాటికి రోడ్డు శుభ్రంగా ఉంటే ఎవరు ఊడ్చారని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ పిల్ల అనుకుంది. బొమ్మలో కనబడని మనిషిని అక్కడ కూచున్న అందరిలోకీ ఆమే చదివింది. నేను ఆమెకి చదవడం నేర్పడానికి వెళ్ళానట!

టీచరమ్మకి ఇది ఎలా తెలిసింది? ఆమె కూడా కనబడని పనిలోనే ఉంది కాబట్టి. 1975 అక్టోబరు 2న ఐసిడిఎస్ మొదలైనప్పటి నుంచీ ఈ పిల్లల బడి నడుపుతున్నది ఆడవాళ్ళు. చెల్లించేది జీతం కాదు, 'గౌరవ వేతనం'. తల్లిమనసుతో చేసే సేవకి జీతమెందుకన్నట్టు. వాళ్ళకి గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో చెప్పవలసి వచ్చింది. 2023 సెప్టెంబరులో తెలంగాణలో టీచర్లూ ఆయాలూ సమ్మెకి దిగినప్పుడు మా సెంటరుకీ తాళం పడింది. అదే ఏడు డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన సమ్మె 42 రోజులు సాగింది. ఎస్మా పెట్టారు. ఆ ఏటి సంక్రాంతి వాళ్ళకి శిబిరాల్లోనే గడిచింది. మన పిల్లలకి పండగ పాఠం చెప్పే ఆడవాళ్ళ పండగ ఎలా ఉంటుందో ఏ పుస్తకంలోనూ బొమ్మ లేదు.

* * *

తప్పు తెలిశాక దిద్దుకోవడం ఎలా? పుస్తకాలు మార్చాలనుకున్నాను. వెతికాను. దొరకనివేమీ కావు. అన్వేషి సంస్థ పూనుకుని చేసిన 'డిఫరెంట్ టేల్స్' పుస్తకాలు 2008లోనే వచ్చాయి. దళిత, ముస్లిం పిల్లల ఇళ్ళనీ వంటల్నీ ఆటల్నీ కథల మధ్యలోకి తెచ్చిన పుస్తకాలవి. కానీ అవి కొంచెం పెద్దపిల్లలకి. చెన్నైలోని తూలిక వాళ్ళ పుస్తకాల్లో 'ఇస్మత్స్ ఈద్' దొరికింది. ఫౌజియా గిలానీ-విలియమ్స్ రాసినది, ప్రొయితి రాయ్ బొమ్మలు. ఇస్మత్ పండగకి కొనుక్కున్న పాంటు పొడవెక్కువైంది. ఇంట్లో ఆడవాళ్ళని కత్తిరించి కుట్టమంటాడు. వాళ్ళకి పండగ పనులతో తీరికలేదు. చివరికి తనే కత్తిరించుకుని కుట్టుకుంటాడు. తర్వాత ఆ ఆడవాళ్ళు పాపమనుకుని, ఒకరికి తెలియకుండా ఒకరు మళ్ళీ కత్తిరిస్తారు. ఇక పాంటు ఏమవుతుందో పిల్లలకి చెప్పక్కర్లేదు!

2023లో ఉగాదీ రంజాన్ నెల మొదలూ ఒకే వారంలో వచ్చాయి. ఆ వారం ఈ కథ తెలుగులో చెప్పాను. పిల్లలు విరగబడి నవ్వారు. "నాన్న సూది పట్టుకున్నాడు, చూశారా!" అని నేను ఉత్సాహంగా అంటే ఒక పిల్లాడు నన్ను వింతగా చూశాడు. "మా అబ్బా టైలర్" అన్నాడు. నేను తేరుకునేలోగా ఇంకోమాట చేర్చాడు. "అమ్మీ కాజాలేస్తది."

చూడండి, మళ్ళీ నేనే తప్పిపోయాను. మగవాడు సూది పట్టడం నాకు వింత, ఆ పిల్లాడికి కాదు. వాడింట్లో మగవాడు కుడితే దర్జీ, ఆడది అర్ధరాత్రి దాకా కాజాలు కుడితే ఊరికే 'ఇంట్లో ఉంటుంది'. ఆ తేడాని పుస్తకం చెప్పలేదు, వాడు చెప్పాడు. మంచి పుస్తకం చేసే మేలు అదేనేమో, పిల్లలు దానికి ఇంకో పేజీ కలుపుతారు. అయితే కలపనిచ్చే మనిషి పక్కనుండాలి.

అప్పుడు గుర్తొచ్చింది సిల్వియా ఆష్టన్-వార్నర్. ఈమెది కూడా న్యూజిలాండే. మావోరీ పిల్లల చిన్నబడిలో పాఠాలు చెప్పి, ఆ అనుభవాన్ని 'టీచర్' అనే పుస్తకంగా 1963లో తెచ్చింది. ఇంగ్లీషు పిల్లల కోసం రాసిన వాచకాలు తన పిల్లలకి అంటడం లేదని ఆమె ఒక పని చేసింది. ఒక్కో పిల్లని పిలిచి "నీకే మాట కావాలి?" అని అడిగి, ఆ మాటని అట్టముక్క మీద రాసిచ్చేది. మర్నాడు గుర్తుపడితే ఆ మాట ఆ పిల్లది. గుర్తుపట్టకపోతే అది అక్కర్లేని మాటని తీసేసేది. పిల్లలు అడిగే మాటల్లో భయాలుండేవి, ప్రేమలుండేవి.

మేమూ పాత పెళ్ళిపత్రికల అట్టలు కత్తిరించి పెట్టుకున్నాం. ఉగాది మర్నాడు పిల్లల్ని ఒక్కొక్కరినే అడిగాం. "పండగనాడు నువ్వు చూసినదాంట్లో నీకే మాట కావాలి?" చెప్పిన మాట చెప్పినట్టే రాశాం. మామిడికాయ. కొత్త గౌను. బస్సు. సేమియా. కుక్కపిల్ల. లైటు. ఒక పిల్లాడు చాలాసేపు ఆలోచించి "సీసా" అన్నాడు. టీచరమ్మా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆ ఇంటి సంగతి ఆమెకి తెలుసు. రాయమంది. "కానీ మేమ్, ఆ కార్డు ఇంటికి పంపొద్దు. వాడు సూస్తే ఆమెను కొడతడు" అంది. ఆ అట్ట సెంటర్లోనే ఉంచాం. పిల్లాడు రోజూ వచ్చి దాన్ని వెతికి తీసి, చదివి, మళ్ళీ అడుక్కి పెట్టేవాడు. వాడు మొదట నేర్చుకున్న మాట అదే. పిల్లల సొంతమాటలతో చదువు చెప్పడమంటే తియ్యటి మాటలు ఏరుకోవడం కాదని ఆ రోజు తెలిసింది. ఏ మాట ఎవరి చేతిలో పడితే ఎవరికి దెబ్బలు పడతాయో కూడా తెలిసుండాలి. ఆ సంగతి ఆష్టన్-వార్నర్ కంటే మా టీచరమ్మకి బాగా తెలుసు.

రెండు పిలకల పిల్ల వంతు వచ్చింది. నేను నేలమీద కూచుని, "ఆ రోజు నువ్వు చెప్పింది సరైన మాట. నేనే తప్పన్నాను. మీ అమ్మ ముగ్గు ఊడుస్తుంది. నాకు తెలీదు" అన్నాను. ఆ పిల్ల టీచరమ్మ వైపు చూసింది. తర్వాత చాలా చిన్నగా అంది. "చీపురు."

'చీపురు' అని రాసిచ్చాను. మర్నాడు పదిహేడు అట్టల్లోంచి ఏరి తీసింది. 'చీ'కి ఉన్న గుడిదీర్ఘం మీద వేలు పెట్టి రాసి, ఏమిటిది అన్నట్టు చూసింది. నేను లోలోపల పొంగిపోయాను. ఇదిగో అద్దం అనుకున్నాను.

* * *

నాలుగో రోజు వాళ్ళమ్మ వచ్చింది. మధ్యాహ్నం ఒంటిగంట. ఒంటి మీద ఇంకా రేడియం జాకెట్ ఉంది. చేతిలో ఆ అట్టముక్క.

"మేడమ్, నా బిడ్డకు చీపురు రాసుడు నేర్పిస్తున్నరా?"

తనే అడిగిందని, పిల్లలకి కావలసిన మాటతో మొదలుపెడితే చదువు బాగా వస్తుందని, మీ పనిని మేం గౌరవిస్తున్నామని, ఏదేదో చెప్పాను. ఆమె ఓపిగ్గా విన్నది.

"అది సిన్నది, అడుగుతది. మీరు పెద్దోళ్ళు. మీ మనమరాలు అడిగితే రాసిస్తరా? మా అత్త ఊడ్సింది, నేను ఊడుస్తున్న. ఇది పుట్టంగనే చీపురు చేతికిస్తరా? నేను దీన్ని ఈడికి ఎందుకు పంపుతున్న?"

నా దగ్గర జవాబు లేదు. డల్లాస్‌లో ఉన్న పిల్లకి నేను చీపురు అని ఎన్నడూ రాసివ్వను. రాయవలసిన అవసరమే రాదు. అద్దం, అద్దం అని నేను మురుసుకుంటున్నది ఎవరి ముఖానికి? ఉన్నదున్నట్టు చూపించే అద్దం కొందరికి గౌరవం, కొందరికి గోడ. పట్టుచీర అమ్మని మాత్రమే చూపించడం ఒక తప్పయితే, చీపురమ్మని మాత్రమే చూపించడం ఇంకో తప్పు. మొదటి తప్పులో నేను ఆమెని తుడిచేశాను. రెండోసారి ఆమెని అడక్కుండా గీసేశాను.

"మరి ఏం రాయమంటారమ్మా?" అన్నాను. ఇది ముందే అడగాల్సిన ప్రశ్న.

ఆమె కాసేపు గుమ్మంలో నిలబడింది. కోపం కొంచెం దిగినట్టుంది. "పండగ నాడు నేను పన్నెండింటికి ఇంటికొస్త. ఒచ్చి తలకు పోస్కుంట. పోస్కొని, దీన్ని తీస్కొని బంగ్లా ఎక్కుత. పతంగి ఎగరేస్త. మా గల్లీల నా అంత ఎవ్వరు ఎగరెయ్యరు. గది గీయున్రి."

ఆమె పతంగి ఎగరేస్తుంది! నేను చూసిన ఏ సంక్రాంతి పుస్తకంలోనూ అమ్మ చేతిలో చరఖా లేదు. అన్న ఎగరేస్తాడు, నాన్న సాయం చేస్తాడు, చెల్లి చప్పట్లు కొడుతుంది, అమ్మ అరిసెలు తెస్తుంది. ఈ ఇంట్లో అమ్మ మాంజా వేళ్ళకి కోసుకుంటుండగా పతంగి ఎగరేస్తోంది. స్త్రీవాద బాలసాహిత్యం ఎలా ఉండాలని నేను పేపర్లు రాశాను. ఈ బొమ్మ నాకు తట్టలేదు.

ఆ ఏడంతా మేం అలా ఒక్కో పేజీ పోగేశాం. బతుకమ్మకి తంగేడు, గునుగు పూలు అమ్మే ఇంటి పిల్ల పేజీ: 'మా పువ్వులు అందరి బతుకమ్మలో ఉన్నయి.' కాజాల పేజీ. క్రిస్మస్‌కి చర్చిలో కేకు పంచే తాతయ్య పేజీ. ప్రతి పేజీకీ ముందు ఆ ఇంటివాళ్ళని అడిగాం. వద్దన్నవి తీసేశాం. ఒక్కో పేజీలో ఒకటో రెండో మాటలు, పెద్ద అక్షరాలతో. బొమ్మలు పిల్లలవే. సూదీదారంతో కుట్టి పుస్తకం చేశాం.

2024 సంక్రాంతి ముందు పతంగి పేజీ చేరింది. నాలుగున్నరేళ్ళు వచ్చిన ఆ పిల్లే బొమ్మ వేసింది. పెద్ద తల, బారుచేతుల అమ్మ. చేతినుంచి కాగితం అంచుదాకా ఎర్రటి గీత, దాని కొసన పతంగి. కింద నేను 'అమ్మ పతంగి' అని రాశాను. అయిపోయిందనుకున్నాం. పిల్ల క్రేయాన్ వదల్లేదు. బొమ్మలో గోడకి ఆనించి చిన్న చీపురు గీసింది.

"మీ అమ్మ వద్దంది కదరా" అంది టీచరమ్మ.

"అమ్మ శేతుల పతంగి ఉంది. చీపురు గోడకుంది" అంది ఆ పిల్ల, మాకు కళ్ళు లేవా అన్నట్టు.

సాయంత్రం వాళ్ళమ్మకి చూపించాం. భయపడుతూనే. ఆమె జాకెట్ విప్పి చంకలో పెట్టుకుని బొమ్మని దగ్గరగా చూసింది. చీపురునీ చూసింది. ఏమీ అనలేదు. "పతంగి ఇంకా జర పైకి పోవాలె" అంది మాత్రం. ఆ రాత్రికి పైన ఇంకో కాగితం అతికించాం.

చీపురు పక్కన పిల్ల నీలం క్రేయాన్‌తో ఏవో మెలికలు తిప్పింది. గుడిదీర్ఘం లాంటిదొకటి తప్ప అందులో అక్షరమేదీ లేదు. ఏం రాశావని అడిగాను. వేలు ఎడమనుంచి కుడికి జరుపుతూ, ఆగుతూ, చదివి వినిపించింది.

"అమ్మ... రేపు... పోతది."